పార్సిప్పనీలో ప్రార్థనకు వచ్చిన పోలీసులు

విదేశీ సువార్త సేవ నిమిత్తం అమెరికాలోని పార్సిప్పనీలో నియమితుడనైన నేను, భయం ఇంకా తగ్గకముందే, ఈ సాయంత్రపు పరిస్థితిని మిత్రుల దృష్టికి తెస్తున్నాను.

మా సంఘంలోని మార్తమ్మగారి కోడలికి రేపు ఉదయం గుండె ఆపరేషన్. అందువల్ల మార్తమ్మగారి అపార్ట్‌మెంట్‌లో చేరి, మన పద్ధతి ప్రకారం అందరం ఒక్కసారిగా గొంతెత్తి, ఏడుస్తూ ప్రార్థించాం. గోడ అవతలివారికి ఆ పద్ధతి తెలియదు. కాసేపటికి ఎవరో తలుపు బాదారు. తీస్తే ఇద్దరు పోలీసులు.

“లోపల ఎవరినైనా కొడుతున్నారా?” అని ఇంగ్లిషులో అడిగారు.

నా వీసా కళ్లముందు కదిలింది. మందను కాయవలసిన కాపరి, అనగా నేను, అందరికంటే వెనుక నిలబడి ఉన్నట్లు అప్పుడే తేలింది.

“నో సర్! ప్రేయర్ సర్! మా కోడలికి టుమారో హార్ట్ ఆపరేషన్ సర్!” అన్నారు మార్తమ్మగారు, తలమీద ముసుగు సర్దుకుంటూ.

వారు గదులన్నీ పరిశీలించి, మెల్లగా చేసుకోమని మర్యాదగా చెప్పి వెళ్లిపోయారు. మేము గుసగుసలతో ప్రార్థన పునఃప్రారంభించాం. మార్తమ్మగారు నా చెయ్యి పట్టుకున్నారు. ఆవిడ వేళ్లు చల్లబడిపోయి ఉన్నాయి.

“ఇంత మెల్లగా అడిగితే ఎలాగండీ అయ్యగారూ? తెల్లారితే ఆపరేషను!”

కావున, గోడ దాటకుండా బిగ్గరగా ఏడ్చే విధానం ఎవరికైనా తెలిసి ఉంటే, ఈ రాత్రికే తెలియజేయవలసిందిగా కోరుతున్నాను.