నవ్వకుండా చెప్పిన స్వాగతం

మా ఆయన నవ్వడం చూసినవాళ్ళు వరంగల్‌లో చాలా తక్కువ. ఖిలాకు పోయే దారిలో మాకు జంపఖానాల దుకాణం ఉంది. కొత్తగా వచ్చినవాళ్ళు ఆయన ముఖం చూసి, "మూసేస్తున్నారా?" అని గడపలోనే ఆగిపోతారు. అలాంటి మనిషిని మా బజారు సంఘం వాళ్ళు పోయిన ఎండాకాలంలో ఊరికి స్వాగతం చెప్పడానికి ఎంచుకున్నారు.

వాళ్ళ ఆలోచన మంచిదే. యాత్రికులు గుడి చూసి, కోట చూసి, బజారులో అడుగు పెట్టకుండానే పోతున్నారు. కాబట్టి దుకాణాల వాళ్ళే నవ్వుతూ రమ్మని పిలిచే వీడియో ఒకటి తీసి ఫోన్లలో తిప్పాలనుకున్నారు. పెళ్ళిళ్ళకు వీడియోలు తీసే ఒకాయన ఆ పనికి ఒప్పుకున్నాడు. మా దుకాణానికి వచ్చి, గోడకు వేలాడుతున్న జంపఖానాల రంగులు చూసి, "అన్నా, మీరే కావాలె" అన్నాడు. ఆయనకు కావలసింది వెనుక ఉన్న రంగులని నాకు అర్థమైంది. మా ఆయనకు కాలేదు. నేను చెప్పలేదు.

రెండు రోజులు అద్దం ముందు సాధన జరిగింది. "మా వరంగల్‌కు రండి. మీ ఇల్లే అనుకోండి." వంటింట్లోంచి వింటే కరెంటు బిల్లు కట్టలేదని ఎవరినో గద్దిస్తున్నట్టుంది.

షూటింగ్ రోజున ఎనిమిదోసారి కూడా అదే గొంతు.

"అన్నా, జర నవ్వుర్రి."

"నవ్వుతాన కదా!"

వీడియో ఆయన నా వైపు చూశాడు. నేను సాక్ష్యం చెప్పక తప్పలేదు. "నిజమే తమ్మీ, అది నవ్వే. ఇరవై ఆరేండ్ల సంది చూస్తాన."

వీడియో ఆయన తల పట్టుకుని, చాయ్ తాగి సాయంత్రం మళ్ళీ వస్తానని బయటికి పోయాడు. అటు ఆయన పోగానే ఇటు ఇద్దరు ఆడవాళ్ళు లోపలికి వచ్చారు. విశాఖపట్నం నుంచి వచ్చిన అక్కాచెల్లెళ్ళు. అరవై దాటినవాళ్ళు. ముఖాలు కందిపోయి ఉన్నాయి. చెల్లెలు కుంటుతోంది.

"ఏమండీ, కోటకి ఇటేనా వెళ్ళాలి?" అని అక్క అడిగింది.

"గీ ఎండలనా?" మా ఆయన గొంతు దుకాణమంతా మోగింది. "పన్నెండు గొట్టంగ ఎవలన్న ఖిలాకు పోతరా? పానం మీద జరంత ఫికర్ లేదా మీకు?"

అక్క ఒక అడుగు వెనక్కి వేసి, "ఈయనకి కోపంగా ఉన్నట్టుంది, పదవే" అని చెల్లెలి చెయ్యి పట్టుకుంది.

"కోపం కాదక్కా, మాటనే అట్ల" అని నేను అడ్డుపడ్డాను. అప్పటికే ఆయన కొత్త జంపఖానా ఒకటి దించి నేల మీద పరిచాడు. దాని మీద మా అత్తమ్మనే కాలు పెట్టనివ్వడు. ఫ్యాను వాళ్ళ వైపు తిప్పి, చల్లని నీళ్ళు స్వయంగా తెచ్చి ఇచ్చి, "ఏమేం చూస్తరు?" అని అడిగాడు.

చెల్లెలు సంచిలోంచి కాగితం తీసింది. వేయిస్తంభాల గుడి, భద్రకాళి గుడి, కోట, రామప్ప, రాత్రి రైలు. అన్నీ ఒక్క రోజులోనే. ఆయన పెన్సిలు తీసుకుని రామప్ప మీద గీత కొట్టాడు.

"అయ్యో, అది చూడాలనే వచ్చామండీ!"

"ఉరికిపోయి, గుడి ముందట ఫోటో దిగి, ఉరికొస్తరా? గది చూసినట్టా? రేపు పొద్దుగాల పోండ్రి."

"రైలుకి టికెట్టు ఉందండీ."

"రేపు గూడ రైలు ఉంటది."

చెల్లెలు ఇక ఆపుకోలేక నవ్వేసింది. ఆయన అదేమీ పట్టించుకోకుండా నన్ను అడిగాడు. "ఇంట్ల ఏం వండినవ్?"

పచ్చిపులుసు, బెండకాయ కూర. మా ఇల్లు దుకాణం పైనే. వాళ్ళు మొహమాటపడుతూ కూర్చుని, రెండోసారి పచ్చిపులుసు అడిగి వేయించుకున్నారు. తిన్నాక ఓ గంట నడుం వాల్చారు. ఎండ తగ్గాక ఆయన దుకాణానికి తాళం వేసి కారు తీశాడు; వాళ్ళతో పాటు నేనూ ఎక్కాను. దారిలో వీడియో ఆయన ఫోను.

"అన్నా, షూటింగ్ ఉండె కదా?"

"చుట్టాలొచ్చిన్రు" అని పెట్టేశాడు.

కోటలో అసలు సంగతి బయటపడింది. మా ఆయనకు చరిత్ర ఏమీ తెలియదు. ఏది ఎవరు కట్టారని అడిగినా "కాకతీయులే" అన్నాడు. వాళ్ళ తర్వాతెప్పుడో కట్టిన ఖుష్ మహల్‌ను కూడా వాళ్ళకే ఇచ్చేశాడు. అక్క చదువుకుని వచ్చిన మనిషి, మెత్తగా సరిదిద్దింది. రాతి తోరణం కింద నిలబెట్టి పైన చెక్కి ఉన్న హంసలు చూపించింది. ఆయన చేతులు వెనక్కి కట్టుకుని, మెడ నొప్పి పుట్టేదాకా పైకి చూశాడు. తర్వాత నా పక్కకు వచ్చి నెమ్మదిగా అడిగాడు.

"గీ హంసలు ఎప్పటిసంది ఉన్నయే?"

కోటకు కూతవేటు దూరంలో పుట్టిపెరిగిన మనిషి! నాకు నవ్వు వచ్చింది కానీ, నేను కూడా వాటిని అప్పుడే చూశానని చెప్పలేదు.

అక్కాచెల్లెళ్ళు ఆ రోజు రైలు వదిలేశారు. మరునాడు తీరిగ్గా రామప్ప చూసుకుని వెళ్ళారు.

వీడియో ఆ తర్వాతి వారం పూర్తయింది. అందులో మిఠాయి దుకాణం ఆయన నవ్వుతాడు, పూల దుకాణం ఆవిడ నవ్వుతుంది. మధ్యలో మా ఆయన పోలీస్ స్టేషనులో వాంగ్మూలం ఇస్తున్నట్టు "మీ ఇల్లే అనుకోండి" అంటాడు. చుట్టాలందరూ ఆ ముక్క ఒక్కటే కోసి ఒకరికొకరు పంపుకున్నారు. ఆయన రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. "నాకు రాదని ముందుగాల్నే చెప్పాల్సింది నువ్వు" అని నా మీద పడ్డాడు. నిజమే, చెప్పాల్సింది. జంపఖానాల రంగుల సంగతి మాత్రం ఇప్పటికీ చెప్పలేదు.

ఈ మధ్య ఆదివారాలు పొద్దున్నే ఖిలాకు వెళ్తున్నాడు. షుగరుకు నడక మంచిదట. వచ్చాక ఒక రాతి ఏనుగు గురించో, విరిగిన స్తంభం మీది లత గురించో చెప్తాడు. పోయిన వారం అడిగాను, ఒక్కరోజైనా నన్ను రమ్మన్నారా అని.

"రావద్దన్ననా?" అన్నాడు గుడ్లురిమి.

మా ఇంట్లో అంతకంటే మర్యాదగా ఎవరూ పిలవరు. చెప్పులేసుకుని బయల్దేరాను.