గాస్కెట్టు వదిన తీసిన సినిమా

కుక్కర్లు బాగుచేసే ఆవిడను బజారంతా గాస్కెట్టు వదిన అంటుంది. పట్టిన పట్టు విడవని మనిషి. బిగుసుకున్న మూతను ఒళ్లో పెట్టుకుని కూర్చుందంటే అది రావాల్సిందే.

ఆమె భర్త నీళ్లలో మునిగి ఓడల అడుగున పట్టిన నాచు గీకేవాడు. కర్ణభేరి చిరిగింది. ఇక నీళ్లలో తల పెడితే ఉన్న కాస్త వినికిడీ పోతుందన్నాడు డాక్టరు. అప్పట్నుంచి గోడవైపు తిరిగి పడుకోవడమే, ఉలుకూ పలుకూ లేదు. ఒక్కసారి మాత్రం నోరు విప్పాడు.

"పాత రేవు కింద విరిగిన గొట్టంలో ఆక్టోపస్ గుడ్లు పెట్టింది. తిండి మానేసి వాటి మీద నీళ్లు ఊదుతూ కూర్చుంది. పిల్లలు బయటికొచ్చేసరికి తల్లి చచ్చిపోతుంది. ఇన్నేళ్లు మునిగినా ఆ పిల్లల్ని చూళ్లేదు. ఈ ఒక్కసారి చూద్దామనుకున్నా."

వదిన పట్టు పట్టింది. ఆ పిల్లల్ని ఆయనకు చూపించాలి, అంతే. నీళ్లలో పనిచేసే కెమెరా ధర విని వచ్చిన దారినే తిరిగొచ్చి, చిన్న కుక్కరు ఒకటి తీసింది. అడుగు కోసి గాజు బిగించింది. లోపల పాత ఫోను పెట్టి, మూతను ఎప్పటిలాగే అంచు కిందికి దూర్చి బిగించింది. రవ్వంత ఆవిరిని కూడా తప్పించుకోనివ్వని చెయ్యి కదా, ధీమాగానే రేవు దగ్గర నీళ్లలో దింపింది. పైకి లాగితే లోపల ఫోను ఈదుతోంది.

"ఉడికిందా వదినా, ఇంకో విజిల్ రావాలా?" అన్నాడు, ఆమె కొట్టుకు తిరిగి రాగానే పక్క కొట్టు టైలరు.

"సూది నీ చేతిలోనే ఉందిగా, ముందు నీ నోరు కుట్టుకో" అంది.

తప్పెక్కడో తెలిశాక తన నెత్తిన తనే మొట్టుకుంది. ఆవిరి లోపల్నుంచి తోసి మూతను అంచుకు అదుముతుంది. సముద్రం బయటినుంచి తోస్తుంది, అదే మూతను లోపలికి నొక్కి దారి చేసుకుంటుంది. ఈసారి అంచు మీద పైనుంచి కూర్చునే మూత చేసింది. సముద్రం ఎంత తోస్తే అంత బిగుసుకుని చావాలి అది. లోపల తన సొంత ఫోనే పెట్టి, పైన భర్త నీళ్లలో వాడే టార్చి కట్టింది.

ఆ కుక్కరును తాడుతో దింపితే బురద తప్ప ఏమీ రాలేదు. గొట్టం లోపలికి చూడాలంటే మనిషి దిగాలి. వదినకు ఈత వచ్చు, మునగడం రాదు. అయినా తనే దిగుతానని ఇంట్లో చెప్పింది.

"నువ్వు దిగుతుంటే చూస్తూ కూర్చోలేను" అన్నాడు భర్త.

"కూర్చోవద్దు. వచ్చి తాడు పట్టండి."

వచ్చాడు. పడవలో నిలబడి, ఆమె నడుముకు కట్టిన తాడును రెండు చేతులా పట్టుకున్నాడు. ఆమె కుక్కరుతో మునిగింది, దగ్గింది, ఉప్పునీళ్లు కక్కింది, మళ్లీ మునిగింది. వద్దన్నా వినలేదు. ఇక ఒంట్లో శక్తి లేదనుకున్నాక పడవెక్కి ఫోను తీసి ఆయన చేతిలో పెట్టింది.

మొదట అంతా బురద, ఆమె బొటనవేలు. తర్వాత గొట్టం. ఉతికి ఉతికి వెలిసిన గుడ్డలా తల్లి ఆక్టోపస్. అది ఊదింది. గుడ్లు చిట్లి, నలకలంత పిల్లలు టార్చి వెలుగులోకి కొట్టుకొచ్చాయి. మళ్లీ ఊదింది. చివరి మునకలో తీసిన ముక్కలో తల్లి కదల్లేదు.

ఆయన దాచుకోకుండా ఏడ్చాడు. ముక్కు తుడుచుకుని మళ్లీ మొదట్నుంచి పెట్టాడు.

"చెయ్యి వణికింది" అన్నాడు.

"ఊపిరి చాల్లేదండీ."

"చాలదు మరి. ఛాతీతో పీలుస్తున్నావు. కడుపుతో పీల్చాలి. పడుకో."

తడిబట్టలతోనే పడవ చెక్క మీద వెల్లకిలా పడుకోబెట్టి, ఆమె పొట్ట మీద అరచెయ్యి ఆనించాడు.

"నెమ్మదిగా. ఊఁహూఁ, మళ్లీ."

చలేస్తోంది, ఇంటికి పోదాం పదండి అని ఆమె ఎంత మొత్తుకున్నా, సరిగ్గా పీల్చేదాకా లేవనివ్వలేదు.