మావారి నడుముకు సరిపోయే పిస్తోలు

మావారు పనిచేసే మందుల షాపులో దొంగ పడ్డాడు పట్టపగలు, భోజనాల వేళకి కాస్త ముందు. అప్పట్లో మేం అమెరికాలో, సియాటిల్ పక్క రెడ్‌మండ్‌లో ఉండేవాళ్ళం. ఎనభైల మొదట్లో మాట ఇది. ఊరు ఇంకా సాఫ్ట్‌వేర్ ముఖం చూడలేదు. మా అపార్ట్‌మెంట్ వెనక కంచె అవతల గుర్రాలు మేసేవి. నేను ఆసుపత్రిలో నర్సుని. మావారు సియాటిల్ దక్షిణం వైపు ఒక చిన్న షాపులో ఫార్మసిస్టు.

వచ్చినవాడు సన్నగా ఉన్నాడట, పాపం జలుబు చేసి ముక్కు ఎగబీలుస్తున్నాడట. తుపాకీ చూపించి నొప్పి మాత్రలన్నీ ఇమ్మన్నాడు. మావారు చెయ్యి వణక్కుండా డబ్బా దించారు, మాత్రలు సీసాలో పోశారు, మూత బిగించారు, కౌంటర్ మీద పెట్టారు. అంతవరకు బాగానే ఉంది. ఆ తర్వాత, రోజంతా అందరికీ చెప్పే అలవాటు కొద్దీ, నోరు దానంతటదే కదిలింది.

“టేక్ విత్ ఫుడ్, సర్. నో ఆల్కహాల్.”

దొంగ “థాంక్యూ” చెప్పి వెళ్ళిపోయాడు.

ఎవరికీ దెబ్బ తగల్లేదు. కానీ కౌంటర్‌లో పనిచేసే అమ్మాయి ఆ మాట విన్నది. సాయంత్రానికల్లా వీధి అంతటికీ తెలిసింది. రిపోర్టు రాసుకోవడానికి వచ్చిన పోలీసు పెన్ను పక్కన పెట్టి మరీ నవ్వాడట. షాపు ఓనరు, పెద్దాయన, కళ్ళు తుడుచుకున్నాడట. రోజూ వచ్చే ముసలమ్మలు బీపీ మాత్రలు తీసుకుంటూ, “ఇది కూడా భోజనంతోనేనా డాక్టర్?” అని కన్నుకొట్టడం మొదలుపెట్టారు. మావారు దొంగకి భయపడలేదు. నవ్వుకి కుంగిపోయారు. అన్నం సరిగ్గా తినడం మానేశారు.

ఒక రోజు ముద్ద చేతిలో పట్టుకుని, “గన్ కొంటాను,” అన్నారు.

“దేనికండీ?”

“చిన్నదిగా ఉండాలి. తూటా మాత్రం పెద్దది ఉండాలి. చిన్న తూటా తగిలితే మనిషికి కోపం వస్తుందట, అంతే.”

“ఎవరు చెప్పారు మీకు?”

“అందరూ చెబుతున్నారు.”

అందరూ అంటే షాపుకి వచ్చే కస్టమర్లు. ఆ దేశంలో జలుబుకి మందు అడిగితే ఒక్కడూ చెప్పడు గానీ, తుపాకీ సంగతి ఎత్తితే చాలు, ప్రతివాడూ ప్రొఫెసరే. మావారు ఫార్మసీ లైసెన్స్ పరీక్షకి చదివినట్టు పత్రికలు తెచ్చుకుని, ఎర్ర గీతలు కొట్టుకుంటూ చదివారు. పోలీస్ స్టేషన్‌కి వెళ్ళి వేలిముద్రలిచ్చారు. దాచుకుని తిరగడానికి పర్మిట్ కార్డు వచ్చింది. ఇక వస్తువు ఎంచుకోవాలి.

మా తెలుగు ప్రార్థన సహవాసంలో ఒక పెద్ద ఉండేవారు. విమానాల ఫ్యాక్టరీలో ఇంజినీరు. వాళ్ళ నాన్న బాపట్లలో హెడ్ కానిస్టేబుల్‌గా చేశారు కాబట్టి ఆయుధాల విషయంలో ఆయన మాటకి తిరుగులేదని మా అందరి నమ్మకం. మావారు ఆయన్ని సాయం రమ్మన్నారు. ఫిరంగి ఏదైనా ఇంటికి తెస్తారేమోనని నేనూ బయల్దేరాను.

తుపాకుల షాపు నిండా గోడలకి జింక తలలు. నూనె వాసన, మాడిన కాఫీ వాసన. షాపతను ఎర్ర గడ్డం, భారీ మనిషి. మావారి ముఖం చూడలేదు, నడుము వైపు చూశాడు, దర్జీ చూసినట్టు.

“ఎక్కడ దాచుకుంటారు?” అన్నాడు. “మీకు పొట్ట లేదే. పొట్ట ఉన్నవాడు ఏదైనా దాచుకోగలడు.”

“ఆ రెండో ఆయనకి ఉంది,” అన్నాన్నేను, మా పెద్దని చూపించి.

పెద్ద నా మాట విననట్టు గంభీరంగా ఒక పొడవాటి పిస్తోలు చేతికి తీసుకున్నారు. తోక పట్టుకుని చేపని ఎత్తినట్టు రెండు వేళ్ళతో పట్టుకున్నారు. “బ్రదర్, ఇలాంటిది తీసుకో. చూడ్డానికి ఒక హుందాతనం ఉంటుంది,” అన్నారు. షాపతను మెల్లగా దాన్ని ఆయన చేతిలోంచి తీసి లోపల పెట్టేశాడు. మా పెద్ద వాళ్ళ నాన్న దగ్గర లాఠీ తప్ప ఇంకేమీ చూడలేదని నాకప్పుడు అర్థమైంది.

చివరికి గాజు మీద రెండు మిగిలాయి. ఒకటి నలభై నాలుగు క్యాలిబర్ రివాల్వర్, పొట్టి గొట్టం, తూటాల చక్రం మాత్రం లడ్డూలా ఉబ్బి ఉంది. రెండోది నలభై అయిదు. సైన్యంలో వాడే పిస్తోలుని ముందు కాస్త, కింద కాస్త కోసి పొట్టి చేసినట్టుంది. చేతిలో పెట్టుకుంటే రోట్లో పచ్చడి నూరే పొత్రంలా బరువు. మావారు ఒకటి చూస్తారు, రెండోది చూస్తారు, మళ్ళీ మొదటిది చూస్తారు. పెళ్ళిచూపుల్లో కూడా అంతసేపు చూడలేదు నన్ను.

నాకు ఓపిక నశించింది. “నడుముకి పెట్టుకుని కింద కూర్చోండి,” అన్నాను.

“ఇక్కడా?”

“ఇంట్లో కిందే కదా కూచుని తింటారు? ప్రార్థనలో కిందే కదా? కూర్చోలేనిది కొని ఏం చేస్తారు?”

షాపతనికి ఇంగ్లీషులో చెబితే, అతను కౌంటర్ చుట్టూ తిరిగి వచ్చి మరీ నిలబడ్డాడు చూడ్డానికి. మావారు రివాల్వర్ నడుముకి దోపుకుని బాసింపట్టు వేశారు. చక్రం డొక్కలో గుచ్చుకుని “అబ్బా” అన్నారు. రెండోది పలకలా ఉంది కాబట్టి కూర్చోగలిగారు. లేవడమే కుదర్లేదు. ఈలోగా షాపులో ఉన్నవాళ్ళంతా చుట్టూ చేరారు. వేట టోపీ పెట్టుకున్న ఒక ముసలాయన చెయ్యి అందించి లేవదీశాడు. అలా నలభై అయిదు ఖాయమైంది. దానితోపాటు తోలు ఒర, దాన్ని మోయడానికి ఎద్దుకి కట్టే పట్టాలాంటి మందపాటి బెల్టు.

వెనక గదిలో కాల్చి చూసుకోవచ్చు అన్నాడు షాపతను. మావారు కాల్చారు. చెయ్యి పైకి లేచింది, కళ్ళజోడు ముక్కు కొసకి జారింది. ఎదురుగా వేలాడదీసిన కాగితం కొత్తది కొత్తగానే ఉంది. పక్క వరసలో కాలుస్తున్నాయన తన కాగితం కేసి చూసుకుని, “థాంక్స్ బడ్డీ, నాకు మధ్య చుక్క ఒక్కటే తగల్లేదు ఇందాకటినుంచీ,” అన్నాడు.

మందుల షాపుకి వెళ్ళేటప్పుడు బెల్టుకి కాకుండా తెల్లకోటు లోపల పెట్టుకుంటానన్నారు. నేను కోటు లోపల గట్టి గుడ్డతో జేబు కుట్టిచ్చాను. తొడుక్కుంటే కుడి భుజం కిందికి వాలిపోయింది. రెండోవైపు ఇంకో జేబు కుట్టి, అందులో సమతూకానికి దగ్గు మందు సీసా పెట్టాను. భుజాలు సమానమయ్యాయి గానీ, మనిషి కావడి మోస్తున్నట్టు నడవడం మొదలుపెట్టారు. ఒక కస్టమరు జాలిపడి వెన్నెముక డాక్టర్ కార్డు ఇచ్చి వెళ్ళాడు. ఎవరో అర్జెంటుగా దగ్గు మందు అడిగితే షెల్ఫులో సరుకు అయిపోయిందని జేబులోది అమ్మేశారట. ఆ సాయంత్రమంతా ఒక పక్కకి ఒరిగే పనిచేశారు.

దాంతో కోటు పద్ధతి మానేసి బెల్టు పద్ధతికి వచ్చారు. అలవాటు కావాలంటే ఎప్పుడూ ఉండాలని పత్రికలో రాశారట. ఆదివారం ప్రార్థనకి కూడా పెట్టుకుని బయల్దేరారు.

“దేవుడి సన్నిధికి కూడా ఎందుకండీ?”

“పార్కింగ్ లాట్ దేవుడి సన్నిధి కాదుగా,” అన్నారు.

ఆ వారం సహవాసం మేమందరం పిన్ని అని పిలిచే ఆవిడ ఇంట్లో. నరసాపురం వైపు మనిషి. భర్త పోయాక ఒక కన్వీనియన్స్ స్టోర్‌లో ఒంటరిగా డ్యూటీ చేసేది. హాల్లో సోఫాలు గోడకి నెట్టి కార్పెట్ మీద అందరం కూర్చున్నాం. పాటలయ్యాయి, వాక్యం అయింది. మా పోలీసు ఇంటి పెద్ద ప్రార్థన ఎత్తుకున్నారు. అందరం మోకరించాం. ఆయన ప్రార్థన మొదలుపెడితే ఇండియా నుంచి బయల్దేరి ఒక్కొక్క రాష్ట్రం మీదుగా వస్తుంది. ఇంకా మద్రాసు దాకా కూడా రాలేదు, ధబ్‌మని చప్పుడైంది.

నేను ఒక కన్ను తెరిచాను. కార్పెట్ మీద నల్లగా పడి ఉంది. ఇటు మావారు, అటు పిన్ని. మావారికి తెలుసు. కళ్ళు ఇంకా గట్టిగా మూసుకున్నారు, చూడకపోతే అది తనది కాకుండా పోతుందన్నట్టు. పిన్ని కూడా ఒక కన్ను తెరిచింది. ఏమీ జరగనట్టు పాటల పుస్తకం తీసి దాని మీద పెట్టింది. పుస్తకం మీద చెయ్యి పెట్టి, “స్తోత్రం ప్రభువా” అంది.

పెద్ద అన్ని రాష్ట్రాలూ తిరిగి ఆమెన్ చెప్పాక, పిన్ని పుస్తకం ఎత్తింది.

“ఇదెవరిదమ్మా?”

పిన్ని అందరి ముఖాలూ ఒకసారి చూసింది.

“ఎవరిదీ కాకపోతే నేనుంచుకుంటాను.”

“నాదే పిన్నీ,” అన్నారు మావారు, మోకాళ్ళ మీదే ఉండి.

పిన్ని దాన్ని చేతిలోకి తీసుకుంది. గొట్టం గోడవైపు తిప్పి, చకచకా తూటాలు బయటికి తీసి ఒళ్ళో పోసుకుంది, చిక్కుడుకాయలు ఒలుస్తున్నట్టు. “ఇంత బరువుది ఈ బక్క ఒంటికి ఎవరు అంటగట్టారు నాయనా నీకు?” అంది. అందరం నోళ్ళు తెరుచుకుని చూస్తున్నాం. ఆవిడ చేతిసంచీ తెరిచి, రుమాలు, పిప్పరమెంట్ల మధ్య నుంచి తెల్లగా మెరుస్తున్న చిన్న రివాల్వర్ తీసి పక్కన పెట్టింది.

“షాపులో ఒక్కదాన్నే ఉంటాను మరి,” అంది.

అప్పుడు మూలనుంచి ఒక బ్రదర్ దగ్గాడు. “నాది కార్‌లో ఉంది.”

అతని భార్య తల తిప్పింది. “ఏ కార్‌లో? పిల్లల్ని స్కూల్లో దింపే కార్‌లోనా?”

“లాక్ చేసే ఉందిలే.”

“ఇంటికి పదండి చెబుతాను.”

అందరి చూపులూ మా పాస్టర్ గారి మీదికి పోయాయి. కుర్రాయన, సెమినరీలో చదువుకుంటూ సాయంత్రాలు పిజ్జా డెలివరీ చేసేవారు. చెవులు ఎర్రబడ్డాయి. “నాకు సొంతది లేదండి,” అన్నారు. “డెలివరీకి వెళ్ళేటప్పుడు మా ఓనర్ తనది ఇస్తాడు.”

మా పెద్ద ముఖం చిన్నబోయింది. ఆయన దగ్గర మాత్రం ఏమీ లేదు. “ఇంతమంది కొనుక్కున్నారు,” అన్నారు బాధగా, “పోలీసు ఇంట్లో పుట్టినవాణ్ణి, ఈ బ్రదర్ తప్ప ఒక్కరైనా నన్ను అడిగారా?”

అక్కడ అందరూ ఒక్కసారిగా నవ్వారు. ఆ నవ్వుతో నోళ్ళు కూడా విడివడ్డాయి. ఎవరు ఎందుకు కొన్నారో చెప్పడం మొదలుపెట్టారు. ఇన్నేళ్ళుగా ఒకే గదిలో మోకరించాం, ఒకరి భయం ఒకరికి తెలియదు. పిన్ని షాపుకి దొంగ వచ్చినప్పుడు ఆవిడకి ఇంగ్లీషు ఒక్క ముక్క గుర్తురాలేదట. “ఒరే, నీకు అమ్మ లేదట్రా” అని తెలుగులో తిట్టి, ఐస్‌క్రీం ఫ్రీజర్ వెనక దాక్కుందట. వాడు పోయాక కూడా కాళ్ళు మొద్దుబారి లేవలేక, పాలు కొనడానికి వచ్చిన వాళ్ళకి అక్కణ్ణుంచే ధర చెప్పిందట. కార్‌లో తుపాకీ ఉందన్నాయన వాచీ అడిగినవాడికి కంగారులో బూట్లు విప్పి ఇచ్చాడట. మావారు పొట్ట పట్టుకుని నవ్వారు. ఎన్నో వారాల తర్వాత ఆయన పళ్ళు చూశాను. ఆ రోజు పులిహోర రెండోసారి పెట్టించుకున్నారు.

తర్వాతి కూటాల్లో పిన్ని ఒక పెద్ద ప్రెషర్ కుక్కర్ తెచ్చి గుమ్మం పక్క గోడ అల్మారాలో పై అరలో పెట్టేది. ఆయుధాలు అందులో వేసి మూత బిగిస్తే పిల్లల చేతికి రావని ఆవిడ లెక్క. పాస్టర్ గారు దాన్ని ఆశీర్వదించలేదు, వద్దనలేదు.

మరుసటి ఏడు మావారికి మా ఆసుపత్రి ఫార్మసీలోనే ఉద్యోగం దొరికింది. అక్కడ తుపాకీ తేకూడదు. మాకు పాప పుట్టబోతోంది కూడా. నేను ఒక్కమాట అనకముందే, ఒక శనివారం ఆయనే పిస్తోలు డబ్బాలో పెట్టుకుని ఎర్ర గడ్డం అతని షాపుకి తీసుకెళ్ళి అమ్మేశారు. నేను కార్‌లోనే, స్టీరింగ్ ముందు కూర్చున్నాను. తిరిగి వస్తూ పార్కింగ్ లాట్ సగం దాటాక ఆగి, రెండు చేతులతో ప్యాంటు పైకి లాక్కున్నారు. బెల్టు కూడా దాంతోపాటే ఇచ్చేశారట.

“ఇప్పుడెలా ఉందండీ?” అన్నాను, కార్ ఎక్కాక.

“తేలిగ్గా ఉంది,” అన్నారు. ఒక చేత్తో ప్యాంటు పట్టుకునే పక్క సీట్లో సర్దుకున్నారు. “నువ్వే డ్రైవ్ చెయ్యి. లేచి నిలబడాల్సిన చోట మాత్రం ఆపకు.”

నేరుగా ఇంటికి పోనిచ్చాను.