పెద్దసారు బీరువాలోని టీవీ

ఏడో తరగతిని నేను రెండేళ్లు చదివాను. మూడో ఏడు కూడా చదివితే పుస్తకాలకే నా మీద విసుగొస్తుందని మానేశాను. మానేసిన వారం మా లెక్కల సారు సైకిలు మీద ఈల వేసుకుంటూ పోవడం కళ్లారా చూశాను. అలాంటి నన్ను చాలా ఏళ్ల తర్వాత ఒక సర్కారు బడికి పిలిచారు, పాఠం ఎలా చెబితే బాగుంటుందో ఒక టీచరుకు చెప్పడానికి.

తొంభైల నడుమ సంగతి ఇది. అప్పటికి నేను గడ్డపోతారంలో ఒక మందుల ఫ్యాక్టరీలో మూడేళ్లు హెల్పర్‌గా చేసి, ఒంటికి పట్టిన వాసన ఇంట్లోవాళ్లు భరించలేకపోతే, ఇస్నాపూర్‌లో టీవీలు బాగుచేసే చిన్న దుకాణం పెట్టుకున్నాను. ఒకనాడు సాయంత్రం ఆ దుకాణానికి ఒక మేడం వచ్చారు. మా ఊరి పక్క బడిలో జీవశాస్త్రం చెప్పేవారు. రోజూ పటాన్‌చెరు నుంచి బస్సులో వచ్చి పోయే మనిషి, ఆదివారం చర్చిలో పిల్లలకు పాటలు నేర్పే మనిషి. నాకంటే పదేళ్లు పెద్ద.

"తమ్మీ, వీసీఆర్ సంగతి నీకు తెలుసా?"

"అది ఖరాబైతేనే నాకు బువ్వ మేడం. తెల్వకుంటే ఎట్ల?"

విషయం చెప్పారు. బడికి పైనుంచి రంగుల టీవీ, వీసీఆర్, పాఠాల క్యాసెట్లు వచ్చి ఏడాదిన్నరయింది. పెద్దసారు, అంటే హెడ్మాస్టరు, ఇనుప బీరువాలో నడిమి అర పీకించి మరీ వాటిని లోపల పెట్టి తాళం వేశారు. దసరా ముందు ఆయుధపూజకు ఒకసారి బయటికి తీసి, పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి, మళ్లీ లోపల పెట్టారు. ఏమన్నా అయితే జవాబు చెప్పుకోవాల్సింది తనే కదా అన్నది ఆయన బాధ. ఇప్పుడు సంగారెడ్డిలోని జిల్లా ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. వాడని సామాను వెనక్కి తీసుకుని వేరే బడికి ఇస్తారట. శుక్రవారం ఆఫీసరు స్వయంగా వచ్చి చూస్తారట.

"పోతే పోనీయండి మేడం. బీరువా ఖాళీ అయితది."

ఆమె నవ్వలేదు. "గుండె బొమ్మ గీయమంటే మామిడికాయకు పైపులు పెడుతున్నరు తమ్మీ. అది లోపల ఎట్ల కొట్టుకుంటదో ఒక్కపారి చూడాలె పిల్లలు. గా టీవీ పోతే మళ్ల రాదు."

మర్నాడు పొద్దున పోయాను. టీవీ బయటికి తీస్తుంటే పెద్దసారు చుట్టూ తిరుగుతున్నారు.

"ఏమయ్యా, జెర మెల్లగ. అది సర్కారుది."

"నేను గూడ సర్కారు బడి సరుకునే సార్. ఏడో తరగతిల రెండుసార్లు కింద పడేసిన్రు, అయినా పగల్లేదు."

మేడం టీవీని కిటికీకి ఎదురుగా పెట్టించారు. అద్దం మీద రోడ్డు, రోడ్డు మీద లారీలు తప్ప ఏమీ కనబడవు. వెలుతురు పక్కనుంచి వచ్చేలా మూలకు జరిపించాను. రెండు బెంచీలు ఒకదాని మీద ఒకటి వేసి పైన పెట్టాం. చివరి బెంచీలో నాకు అనుభవం ఎక్కువ గనక నేనే పోయి కూర్చుని, ముందువాళ్ల తలలు అడ్డం రావని చూసుకున్నాను.

క్యాసెట్టు అరగంటది. మొదట్లో సంగీతం, పేర్లు. అవి దాటి గుండె మొదలయ్యే చోటికి ముందే తిప్పి పెట్టుకోమన్నాను. వీసీఆర్ మీద అక్కడ కనిపించే నంబరు కాగితం మీద రాసి డబ్బాలో పెట్టమన్నాను. అరగంటా వదిలేస్తే పిల్లలు సినిమాకు వచ్చామనుకుంటారు. మూడు నిమిషాలు నడిపి, ఆపి, ఏం చూశారో అడిగి, మళ్లీ నడపాలి. ఇంకొకటి, క్యాసెట్టులో గొంతు రేడియో వార్తలు చదివినట్టుంది. మా పిల్లలకు అది సగం ఎక్కదు. "ఆ గొంతు బంద్ చేసి మీరే చెప్పుండ్రి మేడం, బొమ్మ దానిది, మాట మీది" అన్నాను.

"ఇవన్నీ నీకెట్ల తెలుసు?"

"పాఠంల ఎక్కడ నిద్రొస్తదో నాకంటే ఎవరికి తెలుసు?"

కరెంటు సంగతీ చెప్పాను. మధ్యాహ్నం రెండుకు చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లో షిఫ్టు మారుతుంది. మోటార్లన్నీ ఒక్కసారి ఎత్తుకుంటాయి, వోల్టేజీ పడిపోతుంది, టీవీకి పెట్టిన స్టెబిలైజర్ కరెంటు ఆపేస్తుంది. కాబట్టి పాఠం పొద్దున పెట్టుకోవాలి. చివరికి ఫ్యాక్టరీలో నేర్చుకున్న ఒక్క మంచి పద్ధతి చెప్పాను. మందు ఉడికించే పెద్ద పాత్రను కొత్తగా బిగించినప్పుడు అందులో మందు పోయరు. ముందు నీళ్లు పోసి, తిప్పి, వేడిచేసి చూస్తారు. వాటర్ ట్రయల్ అంటారు. ఎక్కడ కారినా నీళ్లే కారతాయి, నష్టం లేదు. "మీరు గూడ శుక్రవారానికి ముందు ఒక వాటర్ ట్రయల్ వేసుకోండ్రి" అని వచ్చేశాను.

నా లెక్కలో వాటర్ ట్రయల్ అంటే ఖాళీ గదిలో, మిషన్‌తో, ఒక్కసారి. మేడం తొమ్మిదో తరగతినంతా కూర్చోబెట్టి నాలుగు రోజులు వరసగా వేశారు. ఆ సంగతి నాకు శుక్రవారం దాకా తెలియదు.

శుక్రవారం పది గంటలకు రావలసిన ఆఫీసరు జీపు ఎక్కడో ఆగి, రెండుకు పది నిమిషాలు ఉందనగా వచ్చింది. మేడం రమ్మంటే పోయిన నేను గోడ పక్కన స్టెబిలైజర్ దగ్గర నిలబడ్డాను. మేడం మొదలుపెట్టారు. తెర మీద గుండె ముడుచుకుంటోంది, విచ్చుకుంటోంది. నీలం రక్తం కుడి వైపుకు వచ్చి ఊపిరితిత్తులకు పోయింది. అంతలో టక్కుమని శబ్దం. తెర నల్లబడింది. పెద్దసారు నావైపు చూశారు. నేను స్టెబిలైజర్ వైపు చూశాను. అది ఎవరివైపూ చూడలేదు.

మేడం చాక్‌పీసు కూడా అందుకోలేదు. చేతులు కట్టుకుని పిల్లల వైపు తిరిగారు. ముందు వరస అమ్మాయి లేచింది.

"ఇప్పుడు ఎర్ర రక్తం వస్తది మేడం. ఊపిరితిత్తులకెల్లి ఎడమ పక్కకు."

"ఇగ కింది గదిలకు దిగుతది," అన్నాడు ఇంకొకడు.

"ఇప్పుడు పిండుతది," అని తరగతంతా పిడికిళ్లు బిగించింది, వదిలింది, బిగించింది. నల్లటి తెర మీదే చూపు పెట్టి పాఠం చివరిదాకా నడిపారు.

ఆఫీసరు మెచ్చుకోలేదు. "బట్టీ పట్టించిన్రు గద మేడం," అన్నారు. టీవీ జీపెక్కుతుందని, మిగతా క్యాసెట్లు తీసివ్వడానికి పెద్దసారు అప్పటికే బీరువా తాళంచెవి చేతిలోకి తీసుకున్నారు. ఆఫీసరు ఆ అమ్మాయిని మళ్లీ లేపారు.

"ఉరికితే గుండె జల్దీ జల్దీ ఎందుకు కొట్టుకుంటది? చెప్పు."

క్యాసెట్టులో ఆ ముక్క లేదు. మేడం కొంగు చివర పట్టుకుని నిలబడ్డారు. అమ్మాయి పిడికిలి మెల్లగా బిగించి వదిలింది. దాన్నే చూసుకుంటూ ఇంకో రెండుసార్లు చేసింది.

"ఉరికితే కాళ్లకు ఎక్కువ రక్తం కావాలె గద సార్. ఒక్కపారి పిండితే గింతే పోతది. గందుకే ఎక్కువసార్లు పిండుతది."

 ఆఫీసరు కాగితం మీద ఏదో రాసి, బీరువా తాళంచెవి మేడం దగ్గర ఉంచమని పెద్దసారుతో చెప్పి జీపెక్కారు.

సామాను సర్దుతూ నేను ఊరుకోలేకపోయాను. "మేడం, నేను ట్రయల్ వేయమన్నది మిషన్‌కు. మీరు పిల్లలకు వేసిన్రు."

ఆమె వైరు చుడుతూ తలెత్తకుండానే అన్నారు. "నీ మిషన్ ఆగితే నా పిల్లలు నడిపిన్రు తమ్మీ. నా పిల్లలు ఆగితే నీ మిషన్ నడిపిస్తుండెనా?"