శుభలేఖతో వచ్చిన మాస్టారు

మా కంప్యూటర్ మాస్టారు పోయారని మొన్న పొద్దున్నే ఫోనొచ్చింది. పొయ్యి మీద పాలున్నాయి. అవి దింపి పొయ్యి ఆర్పాను. ఏడుపు రాలేదు. ఇన్నేళ్ళ తర్వాత కూడా కోపమే వచ్చింది. పోయినవాళ్ళ గురించి మంచే రాయాలంటారు. రాస్తాను, ఆయనలో మంచి బోలెడుంది. రెండోది దాచిపెడితే మాత్రం నాకు ఊపిరాడదు.

పటమటలో మా వీధి చివర మేడమీద ఆయన ఇన్‌స్టిట్యూట్. తొంభైల చివర్లో మా అబ్బాజాన్ నన్ను అక్కడ చేర్పించాడు. చెప్పులు బయట విడవాలి, పాఠం అయ్యాక కంప్యూటర్ల మీద గుడ్డ కప్పాలి. ఒకటే సందేహం మళ్ళీ మళ్ళీ అడిగినా విసుక్కునేవారు కాదు. రంజాన్‌కి మా ఇంటికొచ్చి, షీర్ ఖుర్మా పాయసం అడిగి మరీ మారు పోయించుకునేవారు. మాలో ఎవరు పాస్‌వర్డ్ కొడుతున్నా ముఖం గోడవైపు తిప్పుకోవడం ఆయన అలవాటు. "పాస్‌వర్డ్ మీ అమ్మక్కూడా చెప్పకూడదమ్మా" అనేవారు. "మరి మీకండీ?" అని ఆటపట్టిస్తే, "నాకసలే చెప్పకు" అని నవ్వేవారు.

ఆయన మాటసాయంతోనే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో, రోగుల రికార్డుల గదిలో ఉద్యోగం దొరికింది. బయటివాళ్ళను లోపలికి రానివ్వకూడదని అక్కడ రూలు. మందుల కంపెనీవాళ్ళూ, పెద్ద డాక్టర్ల చుట్టాలూ నా గుమ్మంలోంచే వెనక్కి వెళ్ళేవారు. గయ్యాళినని పేరు కూడా తెచ్చుకున్నాను.

ఒక మధ్యాహ్నం మాస్టారు, వాళ్ళావిడ వచ్చారు. కూతురి పెళ్ళి. ఆయన చేతిలో అంచులకు పసుపు రాసిన శుభలేఖలు, ఆవిడ చేతిలో కుంకుమ భరిణె, గంధం గిన్నె. పెళ్ళికి పిలవడానికొచ్చిన దంపతులను గుమ్మంలో నిలబెట్టేవాళ్ళు మన వైపు ఎవరైనా ఉన్నారా, మీరే చెప్పండి. లోపలికి తీసుకొచ్చి కుర్చీలు వేశాను.

"అల్లుడి ఫొటో నీకు మెయిల్ చేశానమ్మా, చూద్దువుగాని. ఒకసారి తెరువు" అన్నారు. నా పాస్‌వర్డ్ కొట్టి కంప్యూటర్ తెరిచాను. ఆయన నా వెనకే ఉన్నారు. ఆ రోజు గోడవైపు తిరగలేదు. తిరిగారో లేదో చూడాలని నాకు తోచనైనా లేదు. ఫొటో చూశాక నేనూ మిగతా ఆడవాళ్ళూ వాళ్ళావిడ చుట్టూ చేరాం. ఆవిడ వాళ్ళకు బొట్టు పెట్టి, నాకు చేతికి గంధం రాసింది. పెళ్ళిచీర రంగు గురించి ఒకటే కబుర్లు.

మర్నాడు మేనేజరుగారు పిలిచారు. ఆయన పక్క కుర్చీలో మాస్టారు. మనుషుల్ని నమ్మించి ఎవరైనా రికార్డుల దాకా రాగలరేమో పరీక్షించమని యాజమాన్యమే ఆయనకు రాసిచ్చిందట. ఎవరిలా వెళ్ళాలి, ఎంతవరకు వెళ్ళాలి, ఎక్కడ ఆగాలి, పట్టుబడితే ఎవరికి ఫోన్ చెయ్యాలి, అన్నీ ముందే అనుకున్నారు. మేం కబుర్లలో ఉండగా పక్క కంప్యూటర్లో నా పాస్‌వర్డ్ కొట్టి, ఏ రోగి వివరాలూ తెరవకుండా, ఒక ఖాళీ ఫైలు పెట్టి లేచిపోయారు.

"కొరియరువాడిలా వస్తే ఈ అమ్మాయి ఆపేస్తుందండీ. శుభలేఖతో వస్తే ఆపదు" అన్నారు, పాఠం చెబుతున్నట్టే. రిపోర్టులో పేర్లు రాయలేదు. ఎవరి ఉద్యోగమూ తియ్యకూడదని ముందే షరతు పెట్టారు. అంతా పద్ధతి ప్రకారమే. నన్ను మాత్రం టోకెన్ల కౌంటరుకు మార్చారు.

అది దొంగ పెళ్ళయితే నేనింత బాధపడేదాన్ని కాదు. నిజం పెళ్ళి, నిజం శుభలేఖ. ఏమీ తెలియని వాళ్ళావిడను కూడా వెంట తెచ్చారు. నన్ను నిజంగా పిలిచారా, లేక ఆ పిలుపు కూడా ప్లానులో భాగమేనా? అదొక్కటి తెలియక ఇన్నేళ్ళూ కుమిలిపోయాను.

ఆ సాయంత్రమే మాస్టారు మా ఇంటికొచ్చారు. నేను గది తలుపు తియ్యలేదు. "తెలియనివాళ్ళను ఆపడం నీకు బాగా వచ్చమ్మా. తెలిసినవాళ్ళ సంగతి చూపించాలంటే నేనే రావలసొచ్చింది" అన్నారు బయటినుంచి. "క్లాసులో చెబితే సరిపోయేది కదండీ" అన్నాను. చెప్పులేసుకుని వెళ్ళిపోయిన చప్పుడు వినిపించింది. పెళ్ళికి నేను వెళ్ళలేదు. ఆయన నేర్పిన విద్యతోనే ఈ రోజుకీ అన్నం తింటున్నాను, అది కాదనను. క్షమించాను అని రాయడానికి మాత్రం చెయ్యి రావడం లేదు.

నా పెళ్ళయ్యాక నేనుంటున్నది హనుమాన్ జంక్షన్లో. మొన్న ఫోనొచ్చాక బస్సెక్కి పటమట వెళ్ళేసరికి వీధిలో టెంటు వేశారు. వాళ్ళమ్మాయి నన్ను చూసి మెట్లు దిగి వచ్చింది.

"ఇన్నాళ్ళకా అక్కా రావడం? నా పెళ్ళికి కూడా రాలేదు. మీరు తప్పకుండా వస్తారని నాన్న ముందు వరసలో ఒక కుర్చీ ఖాళీగా ఉంచారు. మా బాబాయి కూర్చోబోతే లేపేశారు కూడా. తాళి కట్టేశాక, మీకు జ్వరమట అని ఆయనే చెప్పారు."

"అవునమ్మా, జ్వరమే" అన్నాను.

ఆ పిల్ల వెంటనే నమ్మేసింది. నా చెయ్యి పట్టుకుని, జనాన్ని తప్పుకోమంటూ, ఆయన దగ్గరికి తీసుకెళ్ళింది.