గింజ రాలిన బోద

చౌడప్పకు లోకంలో రెండే ముఖ్యం. ఒకటి గుట్ట మీది బోదగడ్డి, రెండోది ఆయన బూడిదరంగు మైల ఎద్దు. నల్లమాడ దగ్గర మా ఊళ్లో ఎవరు కాపురముండే కొట్టానికి గడ్డి కప్పాలన్నా ఆయనే రావాలి. వచ్చినవాడు ఊరికే కప్పి పోడు, మనం కొడవలి పట్టిన తీరు చూసి నాలుగు తిట్టి పోతాడు. ఆ తిట్లలో సగం నాకే పడ్డాయి.

బోద ఎవరూ నాటింది కాదు. గుట్ట వాలులో రాళ్ల సందున దుబ్బులు దుబ్బులుగా ఉండేది. ఎండాకాలం చచ్చినట్టే కనిపించి, ఒక్క వాన పడితే అదే మొదట్లోంచి పచ్చగా లేచేది. లేతగా ఉన్నన్నాళ్లు పశువులు మేసేవి. నడుమెత్తు ఎదిగి ముదిరాక ఆకు నలిపితే నిమ్మ వాసన కొట్టేది. అప్పుడు గొడ్డు మూతి పెట్టదు, చెదలూ తొందరగా పట్టవు. అందుకే కప్పుకు దాన్ని మించింది లేదు.

కోతకు చౌడప్ప పెట్టిన కట్టడి ఒకటుంది. కార్తీకంలో కంకి వేసినా కొడవలి తాకనివ్వడు. గింజంతా రాలి, కాడ ఎర్రబడి, దులిపితే చేతిలో ఏమీ పడనప్పుడే కోయాలి. అదీ మొదలు బెత్తెడు వదిలి.

"దానిది దానికి ఇచ్చినంకనే మనది మనం తెచ్చుకోవల్ల," అనేవాడు. "గుట్ట బోడైనంక నేను బతికి ఏం లాభమప్పా?"

2003 నాటికి వరసగా మూడేళ్లు వానలు ముఖం చాటేశాయి. బోద కంకే వేయలేదు. పశువులకు వేసే వేరుశనగ కట్టె కూడా అయిపోయింది. ఎండిన బోద దుబ్బు అడుగున తెల్లటి మొదలు ఇంకా పచ్చిగా ఉందని ఎవరో కనిపెట్టారు. అంతే, గడ్డపారలు గుట్టకు బయల్దేరాయి. చౌడప్ప కర్ర పట్టుకుని కాపలా కూర్చున్నాడు.

"వేరు పెరికితే మళ్లా ఏం మొలుస్తాది? ఎనక్కి పోండి," అన్నాడు.

ఇంట్లో నా ఆవు ఎముకల గూడై నిలబడి ఉంది. రెండుసార్లు ఆయన్ని మనసులో బూతులు తిట్టుకుంటూ వెనక్కి వచ్చాను.

ఒకరోజు ఆయన మైల ఎద్దు మేత లేక పడిపోయింది, లేపినా లేవలేకపోయింది. ఆ మధ్యాహ్నం గుట్ట మీద గడ్డపార చప్పుడు వినిపించి వెళ్లాను. చౌడప్పే దుబ్బులు పెరుకుతున్నాడు. నన్ను చూసి చెయ్యి ఆపాడు.

"నువ్వేం చూడలేదప్పా. ఇంటికి పో," అన్నాడు.

నేను ఇంటికి పోలేదు. ఊళ్లోకి వెళ్లి చెప్పాను. నాలుగు రోజుల్లో గుట్ట బోడైంది, అందులో నా గడ్డపార కూడా ఉంది. ఆరో రోజు ఎద్దు చచ్చిపోయింది. ఇప్పటికీ తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

2005లో వానలు దంచికొట్టాయి. పట్టుకునే వేరు లేక గుట్ట మట్టి ఎర్రగా వంకలోకి కొట్టుకుపోయింది. మిగిలిన చోట వయ్యారిభామ కలుపు మొలిచింది. బోద ఒక్క పరక లేదు.

వాన తెరిపిచ్చిన రోజు చౌడప్ప తన కొట్టమెక్కి కప్పు విప్పడం చూశాను. కింద ఆయన భార్య లక్ష్మీదేవమ్మ పాత చీర పరిచింది. ఆయన ఒక్కో పిడికెడు బోద తీసి దాని మీద దులుపుతున్నాడు.

"ఏం చేస్తాండావు మామా?"

"ఒక్క గింజన్నా ఇరుక్కోని ఉండదా అని."

నేనూ కూర్చుని దులిపాను. సాయంత్రానికి ఆ ఇంటికి కప్పు లేదు. చీర మీద మసి, దుమ్ము, రెండు బల్లిగుడ్లు ఉన్నాయి.

"రాలినంక కోసినోడివి నువ్వే కదా. ఇంగ యాడనుంచి వస్తాది?" అంది లక్ష్మీదేవమ్మ. ఆమె గొంతులో కోపం లేదు.

ఒక్కసారైనా ఈయన మాట వినకుండా ముందే కోసి ఉంటే బాగుండేదని నాకు ఏడుపొచ్చింది.

"మా కొట్టం కప్పు కూడా విప్పుదాం మామా," అన్నాను.

చౌడప్ప అరచేయి పంచెకు తుడుచుకున్నాడు.

"వద్దులేప్పా. అదీ నేను కోసిందే."