చెయ్యెత్తి చెప్పిన జవాబు

నిరుడు వానాకాలంలో, టీచర్లు పాఠం చెప్పే తీరు పరిశీలించడానికి పాలకొల్లు దగ్గర ఒక బడికి వెళ్ళాను. నాలుగో తరగతికి కొత్తగా వచ్చిన టీచరమ్మ గొంతు మరీ మెత్తనిదని హెడ్మాస్టరు గారి దిగులు.

"మీరు చూసి చెప్పండి మేడమ్. కుదరదంటే వేరేవాళ్ళకి ఇచ్చేస్తాను" అన్నారు.

వెనక బెంచీలో కూర్చున్నాను. బయట సన్నగా వాన. ఆవిడ గోదావరి గురించి చెబుతున్నారు. ఆ మాటల వెంట లంకలు, పడవలు, కొబ్బరితోటలు మెల్లగా కదిలిపోతుంటే నేను రాసుకోవడం మరిచిపోయాను.

"సముద్రంలో కలిసేచోట నీళ్ళు ఎలా ఉంటాయి? ఎవరు చెబుతారు?"

నేను చెయ్యెత్తి లేచి నిలబడ్డాను. "ఉప్పగా ఉంటాయి టీచర్. మా అమ్మ చెయ్యి పట్టుకుని దిగి రుచి చూశాను."

పిల్లలందరూ వెనక్కి తిరిగారు. నాకు యాభై ఏళ్ళున్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. సిగ్గుతో ముఖం వేడెక్కింది. ఆవిడ కంగారుపడి, అంతలోనే నవ్వి, "బాగా చెప్పారండి, కూర్చోండి" అన్నారు.

బయటికొచ్చాక హెడ్మాస్టరు గారు, "ఏంటండి, పిల్లలకి వినపడుతోందా?" అని అడిగారు.

"ఆ తరగతి ఆవిడకే ఉంచండి" అన్నాను.

తర్వాత చాలా తరగతుల్లో కూర్చున్నాను. గట్టిగా చెప్పేవాళ్ళు ఎందరో ఉన్నారు. నాచేత మళ్ళీ చెయ్యెత్తించినవాళ్ళు మాత్రం ఇంకా ఎదురుపడలేదు.